చుక్క పడని రంపం

మా పక్క షాపాయన గురించి చెప్పాలంటే ముందు ఆయన చొక్కా గురించి చెప్పాలి. నేను బట్టలు కుట్టుకుని బతికేదాన్ని కాబట్టి నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. ఎర్ర చొక్కా, ఎడమ జేబు మీద ఒక కంపెనీ గుర్తు. ఆ కంపెనీ చెట్లు కోసే రంపాలు తయారుచేస్తుంది, పెట్రోలుతో నడిచే చైను రంపాలు. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన్ని వాళ్లు రెండు వారాల శిక్షణకి పిలిచి, చేతికి ఒక సర్టిఫికెట్టు, ఒంటికి రెండు చొక్కాలు ఇచ్చి పంపారట. ఆ రెండూ పీలికలయ్యాక అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి నాచేత కుట్టించుకోవడం మొదలుపెట్టాడు. పాత జేబు మీది గుర్తును విప్పి కొత్త జేబుకి వేయడం కూడా నా పనే. ఇరవై ఏళ్లలో పదమూడు చొక్కాలకి మార్చాను.

"అన్నయ్యా, వాళ్లు నీకేమన్నా జీతమిస్తున్నారా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకిస్తారు? నేను వాళ్ల ఉద్యోగిని కాదుగా."

"మరి వాళ్ల పేరు మోసుకు తిరగడం దేనికి?"

"మంచి వస్తువు చెల్లెమ్మా. మంచి వస్తువు చేసినవాడి పేరు ఒంటి మీదుంటే తప్పేముంది?"

నాకు ఒళ్లు మండేది. ఎక్కడో పెద్ద భవనంలో కూర్చున్నవాళ్లని తలకెత్తుకుని తిరిగే మనుషులంటే నాకు మొదట్నుంచీ పడదు. నా కుట్టు మిషను ఏ కంపెనీదని అడిగితే వెనక్కి తిరిగి చూసి చెప్పాలి నేను. కాని ఆయనతో వాదించి గెలవడం కష్టం, ఎందుకంటే ఆయన వాదించడు. చిన్నగా నవ్వి, చేతులు పాత గుడ్డకి తుడుచుకుని, లోపలికి వెళ్లిపోతాడు.

మా రెండు షాపుల మధ్యా ఉన్నది ఒక చెక్క గోడ. ఆయన రంపం స్టార్టు చేస్తే నా కత్తెర బల్ల మీద నాట్యం చేసేది. పెళ్లి బట్టలకి పెట్రోలు వాసన పట్టిందని ఒకావిడ నన్ను కడిగేసింది కూడా. ఆ కోపమంతా తెచ్చి ఆయన మీద వెళ్లగక్కాను. మర్నాడే ఆయన చెక్కల సందులన్నింటికీ గుడ్డ పేలికలు కూరి, పైన మైనం పూశాడు. అడిగింది ఒకటైతే చేసేది పది. అలాంటి మనిషి.

మోకాలు విరగక ముందు ఆయనా చెట్లు కొట్టినవాడే. దొర్లిన దుంగ ఒకటి కాలు మీదికి రావడంతో ఆ పని మానేసి, రంపాలు బాగుచేసే షాపు పెట్టాడు. చుట్టుపక్కల చెట్లు కొట్టే జట్లు నాలుగు ఉన్నాయి. కరెంటు తీగలకి తగిలే కొమ్మలు, కాపు ఉడిగిన తోటలు, గాలివానకి ఒరిగిన మానులు, అన్నీ వాళ్లవే. ఎవరు కొత్త రంపం కొన్నా పెట్టె విప్పకుండా నేరుగా ఈయన దగ్గరికి తెచ్చేవారు. ఈయన పక్క మూత తీసి లోపల ప్రతి మరనూ చూసి, మళ్లీ బిగించి, చివర్న బ్రేకు పరీక్ష చేసేవాడు.

ఆ బ్రేకు సంగతి నాకు కూడా ఆయనే నేర్పాడు. రంపం ముందు పిడి దగ్గర చేతికి అడ్డంగా ఒక రెక్క ఉంటుంది. కోసేటప్పుడు రంపం మొన ఏ కొమ్మకో తగిలితే రంపం ఎగిరి మనిషి మీదికే వస్తుంది. అప్పుడా రెక్క మణికట్టుకి తగిలి ముందుకి పడుతుంది. పడగానే లోపల ఒక స్ప్రింగు ఉక్కు పట్టీని లాగుతుంది, పట్టీ చక్రాన్ని బిగించేస్తుంది, చైను కనురెప్ప వేసేలోపల ఆగిపోతుంది. ఆగకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈయన ఆ రెక్కని ఇరవైసార్లు వేసి, తీసి, ప్రతిసారీ తల వంచి చప్పుడు వినేవాడు. మనసుకి నచ్చితే వెనక పిడి కింద పంచు అనే ఉక్కు మేకు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చిన్న చుక్క పెట్టేవాడు. చుక్క లేని రంపంతో ఎవరూ చెట్టెక్కకూడదని జట్లవాళ్లు తమలో తాము ఒక కట్టడి చేసుకున్నారు. కంపెనీవాళ్లు ఇచ్చిన గ్యారంటీ కార్డుని సగం మంది పెట్టెతో పాటు పారేసేవారు.

చుక్క మాత్రం ఈ కంపెనీ ఎర్ర రంపాలకే. నీలం కంపెనీ రంపం ఎవరైనా తెస్తే గడప దాటనిచ్చేవాడు కాదు. "అది నాకు చేతకాదయ్యా" అనేవాడు వినయంగా. చేతకాక కాదు, ముట్టుకోవడం ఇష్టం లేక. దాంతో నీలం రంపాలు కొన్నవాళ్లు బాగుచేసే దిక్కులేక రెండేళ్లలో మళ్లీ ఎర్రదానికే వచ్చారు. అలా మా వైపు ఎర్ర రంపం తప్ప ఇంకోటి లేకుండా పోయింది. ఎర్ర రంపాలు అమ్మే డీలరు పెద్ద మేడ కట్టాడంటే అందులో సగం ఇటుకలు ఈయన పేర్చినవే.

ఆయనకి పిల్లల్లేరు. భార్య జబ్బు చేసి తొమ్మిదేళ్ల క్రితం పోయింది. మిగిలిన బంధువల్లా ఒక్క బావమరిది. పదేళ్లవాడిగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు పోతే అక్క తన దగ్గరికి తెచ్చుకుంది. రంపం పట్టుకోవడం నేర్పిందీ, మొదటి రంపం కొనిపెట్టిందీ ఈ బావే. ఇప్పుడతనికి నలభై దాటాయి, ఒక జట్టుకి మేస్త్రి. ఆదివారం ఉదయం వచ్చి, గుమ్మంలో బోర్లించిన డబ్బా మీద కూర్చుని, బావని ఆటపట్టించి వెళ్లేవాడు. "ఏం బావా, ఆ చొక్కా విప్పి ఉతికేది ఉందా, లేక అది చర్మమైపోయిందా?" అనేవాడు. ఆ గంటసేపూ చెక్కగోడ అవతలనుంచి నవ్వులు వినపడేవి. మిగతా ఆరు రోజులూ ఆయన మాట్లాడేది రంపాలతోనే. టిఫిను డబ్బా మూతలో అన్నం పెట్టుకుని, బల్ల మీద ఇంజన్ని కొంచెం పక్కకి జరిపి, దానికి ఎదురుగా కూర్చుని తినేవాడు. కొళాయి కట్టేయడానికి వెళ్తూ చూశాను ఒకటి రెండుసార్లు. చూడనట్టు వచ్చేశాను.

ఏడేళ్ల క్రితం నుంచి ఆయనలో ఒక మార్పు వచ్చింది. కొత్త రంపం ఏదైనా వస్తే తలుపు దగ్గరికి వేసుకుని పని చేసేవాడు. పూట పట్టే పనికి రెండు రోజులు తీసుకునేవాడు. జట్లవాళ్లు టీకి పిలిస్తే "మీరు కానివ్వండి" అనేవాడు. భార్య పోయిన దిగులు ఇప్పుడు పైకి తేలుతోంది కాబోలని నేను నాకు తోచిన అర్థం చెప్పుకున్నాను. ఎదుటివాళ్ల దిగులుకి మనకి తెలిసిన పేరే పెడతాం కదా.

కిందటి సంవత్సరం ఒకరోజు మధ్యాహ్నం తెల్లకాగితాలు పట్టుకుని నా షాపులోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చెల్లెమ్మా, నీ దస్తూరీ బాగుంటుంది. కంపెనీకి ఒక ఉత్తరం రాసిపెడతావా?"

"ప్రేమలేఖా?" అన్నాను.

నవ్వలేదు. ఆయన చెప్పాడు, నేను రాశాను. కొత్త రంపాల్లో బ్రేకు స్ప్రింగు నాసిగా ఉంది, పట్టీ పలచబడింది, ఆయిలు పంపు తిప్పే పళ్లచక్రం లోహానికి బదులు ప్లాస్టిక్కుతో చేశారు, దయచేసి పాత పద్ధతిలో చేయించండి అని. తప్పు చేసింది వాళ్లయితే క్షమించమని రాయమన్నది ఈయన. "క్షమించగలరు" అన్న మాట మూడుచోట్ల పెట్టించాడు. రెండోదాన్ని నేను కావాలనే వదిలేశాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. నున్నటి కాగితం, పైన బంగారు రంగు గీత. చదివి వినిపించాను. గడచిన ఆరేళ్లలో మీ ప్రాంతం నుంచి మా రంపాల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు, దేశం మొత్తంలో ఇంత శుభ్రమైన రికార్డు ఇంకెక్కడా లేదు, కాబట్టి మీరు చెప్పిన లోపం బహుశా ఏదో ఒక్క రంపానికి మాత్రమే పరిమితమై ఉంటుంది, మా పట్ల మీ అభిమానానికి గుర్తుగా ఒక గోడ గడియారం పంపుతున్నాం అని. గడియారం నిజంగానే వచ్చింది. పదకొండో రోజున ఆగిపోయింది.

"ఇదెక్కడి న్యాయం? ఒక్క ఫిర్యాదు లేదంటే ఏంటి? నువ్వు చెప్పింది అబద్ధమా?" అని నేను కాగితం బల్ల మీద కొట్టాను.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత "ఒకసారి రా చెల్లెమ్మా" అని తన షాపు వెనక గదిలోకి తీసుకెళ్లాడు.

ఆ గది నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు పట్టేసి, మళ్లీ లేవని పాత రంపాలన్నీ అక్కడ ఎండుకట్టెల్లా పేర్చి ఉండేవి. ఇప్పుడు గది దాదాపు ఖాళీ. గోడ వారగా వరసలో పరిచిన వట్టి డొల్లలు. అన్నింటికీ పక్క మూతలు తీసేసి ఉన్నాయి.

"ఆరేళ్ల క్రితం ఒక కొత్త రంపం వచ్చింది," అన్నాడు. "బ్రేకు పరీక్ష చేస్తుంటే పదోసారికి స్ప్రింగు విరిగింది. డీలరుకి చెప్తే, ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి, నువ్వు బయట అనకు అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాత రంపంలోంచి స్ప్రింగూ పట్టీ తీసి దానికి వేశాను. అచ్చు అదే, లోహమే వేరు, చక్కగా కుదిరింది. ఈ ఒక్కదానికే అనుకున్నాను. తర్వాతదీ అలాగే వచ్చింది. దాని తర్వాతదీ."

"మరి జట్లవాళ్లకి చెప్పలేదా?"

"ఏం చెప్పను? ఎర్రది తప్ప కొనొద్దని ముప్పై ఏళ్లు చెప్పిన నోటితో? రేపో మాపో వాళ్లు సరిదిద్దుకుంటారనుకున్నాను. అందాకా మనవాళ్లకి ఏమీ కాకుండా చూస్తే చాలనుకున్నాను."

నలభై ఒక్క రంపాలు. ఆరేళ్లలో వచ్చిన ప్రతి కొత్త రంపం లోపలా పాత రంపం గుండె కొట్టుకుంటోంది. కంపెనీ దిగజారిందని మా వైపు ఒక్కరికీ తెలియలేదు, కంపెనీకీ ఒక్క ఫిర్యాదూ పోలేదు. వాళ్ల తప్పుని ఇంత ఒద్దికగా కప్పిపెట్టినవాడు వాళ్ల జీతగాళ్లలో కూడా ఉండడు. ఆ మాటే అనబోయి ఆగాను. ఆయన ముఖం చూస్తే అనబుద్ధి కాలేదు.

"ఇంక పాత సామాను లేదు," అన్నాడు. "మొన్నటిదానితో ఆఖరు. కొత్త స్ప్రింగులు తెప్పిద్దామంటే అవీ అదే ఫ్యాక్టరీవి."

"అయితే వెళ్లి అందరికీ చెప్పు. ఇవాళే చెప్పు."

"చెప్తాను. కొత్తవి కొనొద్దని చెప్తాను. ఈ గది సంగతి మాత్రం నువ్వెవరితోనూ అనకు చెల్లెమ్మా. నా చుక్క అబద్ధమనుకుంటారు. ఒట్టు వెయ్యి."

వేశాను. అంత దిగులుగా అడిగితే ఎలా కాదనగలను? ఆ ఒట్టు వేయకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

చెప్పే అవసరం వారం తిరక్కుండానే వచ్చింది. ఆదివారం ఉదయం బావమరిది కొత్త రంపం పెట్టె భుజాన వేసుకుని, వెంట జట్టులో ముగ్గురిని పెట్టుకుని ఉషారుగా దిగాడు. పాతది అమ్మేశాడట. మర్నాడే పెద్ద తోట పని మొదలు. "చుక్క పెట్టు బావా" అని పెట్టెని బల్ల మీద దించాడు.

నేను కుడుతున్నదాన్ని కాలు ఆపి, మైనం రాలిన చెక్కసందులోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆయన మూత విప్పాడు, చూశాడు, మళ్లీ బిగించాడు. రెక్కని పది పదిహేనుసార్లు వేసి తీశాడు. సుత్తి అందుకోలేదు.

"ఇది వద్దురా. తిరిగిచ్చేయ్. నీలం కంపెనీది తీసుకో."

నలుగురూ ఒక్కసారి పగలబడి నవ్వారు. బావమరిది కళ్లు తుడుచుకుంటూ, "టైలరమ్మక్కా! బావకి నీలం చొక్కా కొలతలు తీసుకున్నావా ఏంటి?" అని చెక్కగోడ మీంచి కేకేశాడు.

"నవ్వులాట కాదు. కొత్తవి మంచిగా రావట్లేదు. బ్రేకు మీద నాకు నమ్మకం లేదు."

"ఎప్పట్నుంచి?"

"కొన్నాళ్లుగా."

"కొన్నాళ్లుగా అంటే? ఈ ఆరేడేళ్లలో మా జట్టు కొన్నవి తొమ్మిది. ఒక్కదానికన్నా జలుబు చేసిందా? అన్నీ నీ చేతుల మీదుగానే వెళ్లాయిగా. వాటికి లేని రోగం దీనికెందుకొచ్చింది?"

అదీ ప్రశ్న. దానికి జవాబు వెనక గదిలో గోడ వారన వరసగా పడుకుని ఉంది. తలుపు తీసి చూపిస్తే సరిపోయేది. ఆయన చెక్కగోడ సందు వైపు, అంటే నా వైపు, ఒక్కసారి చూశాడు. నోరు తెరవొద్దని బతిమాలే చూపు అది. నేను కుట్టు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఊళ్లో అందరికంటే నోటి దురుసు నాకే ఎక్కువ. నోరు కావలసిన రోజున పని చేయలేదు.

"చెప్పు బావా. ఎందుకొచ్చింది?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

"నీ మాట మీద నమ్మకంతోనే కదా కొన్నాను! ఎర్రది తప్ప ముట్టుకోవద్దని నువ్వేగా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు. పోనీ నీలంది కొంటాను, చెడితే ఎవరు చూస్తారు? నువ్వు గడప తొక్కనిచ్చావా దాన్ని?"

"నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?" అన్నాడు జట్టులో ఒకడు, నెమ్మదిగానే. ఆ మాటతో అందరి ముఖాల్లో ఒక జాలి కనిపించింది. ముసలాయన చెవి మందగించింది, చప్పుడు సరిగ్గా వినపడటం లేదు, ఒప్పుకోలేక రంపాన్ని అంటున్నాడు, అనుకున్నారు. బావమరిది అలా అనుకోలేదు. అతను నొచ్చుకున్నాడు.

"ఊళ్లో అందరికీ పెట్టావు చుక్క. నా దగ్గరికొచ్చేసరికి నీకు అనుమానాలొచ్చాయి. అక్క ఉంటే ఇలా అందరి ముందూ నా ముఖాన కొట్టేవాడివి కాదు." పెట్టె మళ్లీ భుజానికెత్తుకున్నాడు. "ఎర్ర రంపానికి నీ చుక్కే దిక్కా? కంపెనీ ఉంది."

ఆయన గుమ్మం దాకా కుంటుకుంటూ వెళ్లి, "ఒరేయ్, రేపటికి దాంతో దిగకురా" అన్నాడు. వీధి మలుపు తిరిగినవాడికి అది వినపడి ఉండదు.

వాళ్లు వెళ్లాక నేను లేచి వెళ్లి దులిపేశాను. ఆ గది తలుపు తీయడానికి నీకు చేతులు రాలేదా, నీ పరువు వాడి ప్రాణం కంటే ఎక్కువా అని. ఆయన గుమ్మంలో డబ్బాని లోపలికి జరిపాడు. "రేపు పొద్దున్నే వెళ్లి చెప్తాను. అన్నీ చెప్తాను" అన్నాడు. నిజంగానే వెళ్లాడు. రెండు బస్సులు మారి తోట దగ్గరికి చేరేసరికి పదకొండయింది. అప్పటికే అతన్ని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు.

నేల మీద పడిన కొమ్మలు కోస్తుంటే, ఆకుల కింద కనపడని ఇంకో కొమ్మకి మొన తగిలింది. రంపం ఎగిరింది. రెక్క పడింది, చైను ఆగలేదు. భుజం నుంచి మోచేతి దాకా తెగింది. చెట్టు మీద కాకుండా నేల మీదుండబట్టి ప్రాణం దక్కిందన్నారు.

నేను మూడో రోజున ఆయనతో కలిసి ఆసుపత్రికి వెళ్లాను. పొడుగాటి గది, పన్నెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద బావమరిది, చెయ్యంతా కట్టు. భార్య మందులు తేవడానికి కిందికి వెళ్లింది. ఈయన్ని చూడగానే అతని ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది.

"వచ్చావా బావా! రావనుకున్నా. కోపం పోయిందా?"

"నాకేం కోపంరా," అన్నాడు.

"నా తప్పే. మొన మీద కన్నుండాలని మొదటి రోజే నేర్పావు. ఆకులు తీసి చూసుకోవాల్సింది. ఇన్నేళ్ల పనివాణ్ణి, ఎంత సిగ్గు చెప్పు."

"బ్రేకు పడలేదురా. అదే చెప్పడానికొచ్చాను."

"పడే ఉంటుందిలే. నేనే చెయ్యి వదులుగా పట్టుకున్నాను. ఎర్ర రంపానికి బ్రేకు పడకపోవడమేంటి?"

అప్పుడు ఆయన స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మొదట్నుంచీ చెప్పాడు. పదోసారికి విరిగిన స్ప్రింగు, డీలరు మాట, వెనక గది, నలభై ఒక్క రంపాలు. "మీ జట్టులో తొమ్మిదీ నేను మార్చినవే. నువ్వు అమ్మేసినదాంట్లో కూడా పాత స్ప్రింగే ఉంది. కొత్తవి ఒక్కటీ మంచివి కావు. చుక్క పెట్టింది వాళ్ల పనికి కాదురా, నా పనికి. ఆదివారం నాడే చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు. నీ చెయ్యి తెగింది నా వల్ల."

జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. తోటలో పడి ఉన్న రంపాన్ని తెచ్చి విప్పి చూశాడట. లోపల స్ప్రింగు రెండు ముక్కలు. అరచేతిలో పెట్టి చూపించాడు. ఆయన ఒకేసారి అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పక్క మంచం మీది మనిషి కూడా లేచి కూర్చుని విన్నాడు.

బావమరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. బాగున్న చేతిని చాచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అయిపోయింది, అర్థమైంది ఇతనికి, తిట్టినా సరే, కొట్టినా సరే అనుకున్నాను.

"అక్క కూడా ఇంతే బావా," అన్నాడు. "నేను గ్లాసు పగలగొడితే తనే పగలగొట్టానని నీకు చెప్పేది. నాకు తెలియదనుకున్నావా? ఇప్పుడు నువ్వు మొదలుపెట్టావు. నా తప్పు నీ నెత్తినేసుకోవడానికి ఇంత కథ అల్లుకుని రావాలా?"

"కథ కాదురా."

"ఊరుకో. కింద పడ్డప్పుడు విరిగుంటుంది అది. అంత దూరం ఎగిరి పడింది మరి."

నేనింక ఆగలేకపోయాను. "కథేంటయ్యా? నేను కళ్లారా చూశాను ఆ గది! కంపెనీకి ఉత్తరం రాసింది నేను!" అని గది అదిరేలా అరిచాను. నర్సు గుమ్మంలోంచి తొంగిచూసింది.

అతను నా వైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు. "టైలరమ్మక్కా, బావ ఒంటరివాడని నువ్వు కూడా ఇలా వెనకేసుకొస్తుంటే నాకెంత ధైర్యంగా ఉందో."

లాగి ఒకటి ఇవ్వాలనిపించింది. కట్టున్న మనిషిని కొట్టలేక ఊరుకున్నాను.

"చెయ్యి ఆడటానికి మూడు నెలలు పడుతుందన్నారు," అన్నాడతను దిండు మీద వాలుతూ. "లేచాక కొత్తది కొనాలి. ఎర్రదే. ఈసారి అలక మాని చుక్క పెట్టు."

"వద్దురా. నీ కాళ్లు పట్టుకుంటాను. వద్దు."

"బావా, ఇరవై ఏళ్లు నువ్వు చెప్పిందే కదా నేను నమ్మింది. ఇప్పుడు నా చెయ్యి తెగిందని కంపెనీని తిడితే మనకి మర్యాదా?"

మనకి అన్నాడు. ఆ మాట నేర్పింది ఈయనే. స్ప్రింగు ముక్కల్ని మళ్లీ పొట్లం కట్టాడు. అతనికి మంచినీళ్లు తాగించి, దుప్పటి సర్ది, నర్సు టైమైందని రెండోసారి చెప్పాక లేచాడు.

వరండాలోకి వచ్చాం. నాలుగడుగులు వేశాక ఆగాడు.

"చెల్లెమ్మా, నేను సరిగ్గా చెప్పలేదంటావా?"

"బాగానే చెప్పావన్నయ్యా."

"తడబడ్డానేమో. ఇంకోసారి చెప్తే?" అంటూనే వెనక్కి తిరిగి కుంటుకుంటూ వెళ్లాడు. నర్సు తలుపు వేస్తోంది. "ఒక్క మాట చెప్పి వచ్చేస్తానమ్మా" అన్నాడు. సాయంత్రం ఐదింటికి మళ్లీ వదులుతారు, అప్పుడు చెప్పుకోండి అందామె. అప్పటికి రెండు కూడా కాలేదు.

వరండాలో గోడకి ఆనించి ఒక బెంచీ ఉంది. దాని మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. మొదట్నుంచీ, వరసగా, ఎక్కడ మొదలుపెట్టాలో ఎలా చెప్పాలో కూడబలుక్కుంటున్నాడు.

"నువ్వెళ్లు చెల్లెమ్మా, షాపు మూసేసి వచ్చావు," అన్నాడు నా వైపు చూడకుండానే.

నేను మెట్లు దిగి వచ్చేశాను.